పీచుమిఠాయి గంట

మా అమ్మ చెల్లెలు తస్నీమ్ ఖాలాకు చేయి వణికేది. పళ్ల డాక్టరు చదువు ముగిసిన కొత్తలో, పటకారు పట్టుకుంటే చాలు, భయంతో మణికట్టు దగ్గర వణుకు మొదలయ్యేదట.

ఆ భయంతోనే ఆమె నూరుల్లా హజ్రత్ దగ్గర చేరింది. ఆయన పళ్ల డాక్టరు, సూఫీ గురువైన పీరు కూడా. గురువారం జిక్ర్, అంటే దైవనామ స్మరణ, నేర్పేవారు. ఆదివారం నాపరాళ్ల గనుల దగ్గరి గుడిసెలకు వెళ్లి ఉచితంగా పళ్లు చూసేవారు.

"ఈ భయం ఎప్పుడు పోతుంది హజ్రత్?" అని ఓ ఆదివారం ఖాలా అడిగింది.

"గంట తెచ్చావా బేటీ?" అన్నారాయన.

అది పీచుమిఠాయి వాళ్లు మోగించే గంట. దాంతో పిల్లల్ని పోగుచేసి, ఇటుకపొడితో పళ్లు తోమడం మానమని చెప్పి, బ్రష్ పట్టడం చూపించేవాళ్లు.

ఆ రోజు అందరికీ వెనక, చెంపకు కొంగు అదుముకుని ఓబులమ్మ నిలబడింది. రాళ్లు కొట్టే మనిషి. కొంగు తీస్తే దవడ కింద ఎర్రటి వాపు. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు.

"ఇప్పుడే పన్ను తీసి చీము బయటికి వదలాలి," హజ్రత్ ఖాలాతో మెల్లగా అన్నారు. "మెడలోకి దిగితే ఊపిరాడదు. ఆ తర్వాత మన జీపులో ఆసుపత్రికి పంపాలి."

ఆసుపత్రి మాట వినగానే ఓబులమ్మ పందిరి గుంజ పట్టుకుంది. "నేను యాడికీ రాను. ముందొకతూరి నలుగురు అదిమిపట్టి పెరికినారు. అరుస్తాంటే నోరు మూసినారు."

ఖాలా సూదిని వెనక్కి దాచింది. "ఏం కాదమ్మా. చీమ కుట్టినట్టు ఉంటుంది."

"వాళ్లూ అట్లే అన్నారు తల్లీ." ఓబులమ్మ పళ్లు బిగించింది.

ఖాలా హజ్రత్ వైపు తిరిగింది. "పట్టుకోమందాం హజ్రత్! లేకుంటే మనిషి దక్కదు!"

హజ్రత్ ఆ సూది తీసుకుని ఓబులమ్మకు కనబడేలా పళ్లెంలో పెట్టారు. "నొస్తుంది," అన్నారు. గంట ఆమె చేతికిచ్చారు. "ఇది మోగితే నా చేయి ఆగుతుంది."

ఆయన ఇంకా ముట్టుకోనేలేదు, గంట మోగింది. ఆయన సూది కింద పెట్టి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నారు.

"ఓబులక్కా, పీచుమిఠాయి మాకూ పెట్టు!" అని వరసలోంచి ఎవరో అన్నారు. ఆమె ఉరిమి చూసి మళ్లీ మోగించింది. తర్వాత ఇంకోసారి. మూడుసార్లూ ఆయన ఆగారు.

ఖాలాకు ఆ వాపు చూస్తుండగానే మెడలోకి జారుతున్నట్టు అనిపించిందట. లోలోపల ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ చదువుకుంటూ నిలబడింది.

నాలుగోసారి ఓబులమ్మ నోరు తెరిచింది. సూది దిగింది. గంట మోగలేదు.

చెంప మొద్దుబారాక హజ్రత్ లేచి, పటకారు ఖాలా చేతిలో పెట్టారు.

"నేనా? నా చేయి సంగతి తెలుసు కదా..."

"గంట ఆమె దగ్గరుంది కదా."

పన్ను కదిలింది. ఇంకొక్క తిప్పు తిప్పితే వచ్చేస్తుంది. అప్పుడు మోగింది గంట.

ఖాలా హజ్రత్ వైపు చూసింది. ఆయన ఇటు చూడలేదు. ఆమె పటకారు వదిలేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"నొప్పా అమ్మా?"

ఓబులమ్మ తల అడ్డంగా ఊపింది. మొద్దుబారిన నోట్లోంచి మాట ముద్దగా వచ్చింది. "ఊరికే కొట్టినా తల్లీ. నువ్వుగూడా నిలుపుతావో లేదో అని."

అని, నోరు తెరిచింది.

పన్ను వచ్చింది. చీమూ వచ్చింది. పన్ను తీసిన చోట దూది కరుచుకుని ఓబులమ్మ తనంతట తానే జీపెక్కింది, ఆసుపత్రికి. గంట ఆమె పిడికిట్లోనే ఉంది. తిరిగి ఇమ్మనడానికి ఖాలాకు నోరు రాలేదు.

"పిల్లల్ని పిలవడానికి కొత్తది కొనాలి హజ్రత్," అంది, జీపు మలుపు తిరిగాక.

"రెండు కొను," అన్నారాయన.