గుంజ వెనక కూర్చున్న సూదమ్మ

అనగనగా ఒక అడవి. ఆ అడవిని ఒక వాగు రెండుగా చీల్చుకుంటూ పారేది. ఇటు గట్టు మీద దుప్పులు, కొండముచ్చులు, కుందేళ్ళు ఉండేవి. వాళ్ళది గట్టు జట్టు. అటు ఒడ్డున నీటికుక్కలు, అడవిపిల్లులు ఉండేవి. వాళ్ళది వాగు జట్టు.

వానలు వెనకబట్టాక రెండు జట్లూ బంతాట ఆడేవి. తీగలు చుట్టి చేసిన బంతి. చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు, కాలితో తన్నొచ్చు. మైదానానికి రెండు కొసల్లో జంట వెదురు గుంజలు, వాటి మధ్య ఒక అడ్డగడ. బంతి అడ్డగడ కింద నుంచి పోతే మూడు. పైనుంచి పోతే ఒకటి. గుంజలకి బయట నుంచి పోతే ఏమీ లేదు.

తీర్పు చెప్పేది కొంగ. పేరు పొడుగయ్య. మెడ ఎంత పొడుగో చూపు అంత వాడి. అందుకని రెండు జట్లూ కోరి ఆయన్నే పెట్టుకున్నాయి.

ఆ ఏడు ఆట మహా బిగువుగా సాగింది. పొద్దు వాలింది. రెండు జట్లూ సమంగా ఉన్నాయి. అప్పుడు బంతి చుక్కన్నకి దొరికింది. చుక్కన్న దుప్పి. గట్టు జట్టులో అంతటి ఆటగాడు ఇంకొకడు లేడు. ఎగిరి ఒక్క తన్ను తన్నాడు. బంతి గుంజని దాటి ఎత్తుకు లేచి అవతల పడింది.

"ఒకటి! గెలిచేశాం!" అని గట్టు వాళ్ళంతా గంతులేశారు.

పొడుగయ్య మెడ అడ్డంగా ఊపాడు. "లేదు. బయట నుంచి పోయింది."

గట్టు ఆటగాళ్ళందరూ ఆయన మీదికి మూగారు. ఆ గొడవలో ఉండగానే నీటికుక్కలు బంతి అందుకుని అవతలి కొసకి ఉరికాయి. అక్కడ అడ్డుకునే వాడే లేడు. బంతి అడ్డగడ కింద నుంచి దూరిపోయింది. గట్టు జట్టు ఓడిపోయింది.

పిల్లలూ, చుక్కన్న బంతి తన్నిన వైపు గుంజ వెనకాలే ఒక ముసలి ముళ్ళపంది కూర్చుని ఉంది. పేరు సూదమ్మ. ముళ్ళు గుచ్చుకుంటాయని ఎవరూ పక్కన కూర్చోరు గనక ఎప్పుడూ ఒంటరిగా అక్కడే కూర్చునేది. బంతి ఆమె నెత్తిమీద నుంచే పోయింది. గుంజకి బయట నుంచే పోయింది. ఆమె కళ్ళారా చూసింది.

ఆ సాయంత్రం గట్టు వాళ్ళు వాగు పక్కనున్న పెద్ద బండ దగ్గర చేరారు. సూదమ్మ కూడా ఓ పక్కన కూర్చుంది. నల్లమూతి అనే కొండముచ్చు గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"ఒక మాట అడుగుతా. ఆ పొడుగయ్య చేపలు ఎక్కడ తింటాడు?"

"వాగులో," అన్నారు అందరూ.

"వాగు ఎవరిది?"

"వాగు జట్టుది!"

"ఆటకి ముందు నీటికుక్కల పెద్దతో ఏదో గుసగుసలాడాడు. నేను చూశా," అంది ఒక ఉడత.

"తీర్పు చెప్పేటప్పుడు ఒక కన్ను మూశాడు. ఎవరికి సైగ చేశాడో!" అన్నాడు ఇంకొకడు.

"కొంగ జపం అని ఊరికే అన్నారా పెద్దలు?" అన్నాడు నల్లమూతి.

అప్పుడు ఒక కుందేలు మెల్లగా అంది: "తీర్పు సంగతి ఎలా ఉన్నా, మనం వెనక ఒక్కణ్ణయినా ఉంచకుండా అందరం ముందుకు పోయాం గదా. తప్పు అక్కడే..."

నల్లమూతి దాని వైపు తిరిగాడు. "నువ్వు ఎవరి పక్షం? నిన్న వాగు దగ్గర ఏం పని నీకు?"

"నీళ్ళు తాగడానికి పోయాను బాబూ!"

"నీళ్ళు తాగడానికేనట!" అని అందరూ నవ్వారు. కుందేలు చెవులు వాల్చుకుని వెళ్ళిపోయింది.

"సూదమ్మత్తా," అన్నాడు నల్లమూతి. "నువ్వు గుంజ వెనకే ఉన్నావు. నువ్వే చెప్పు. బంతి ఎటు పోయింది?"

అన్ని కళ్ళూ ఆమె మీద పడ్డాయి. దూరంగా పొడుగయ్య కూడా ఆగి ఇటే చూస్తున్నాడు. నిజం చెబితే కుందేలుకి పట్టిన గతే తనకీ.

"ఏమో నాయనా," అంది చివరికి. "అప్పుడే నా కంట్లో దుమ్ము పడింది."

"చూశారా!" అన్నాడు నల్లమూతి. "లోపల నుంచే పోయిందని చెప్పడానికి పాపం భయపడుతోంది!"

సూదమ్మ అవుననలేదు, కాదనలేదు.

మర్నాడు గట్టు వాళ్ళు పొడుగయ్యని రాళ్ళతో కొట్టి తరిమారు. మళ్ళీ ఆట పెట్టాలన్నారు, తమ గట్టున ఉండే అడవిపంది తీర్పు చెప్పాలన్నారు. వాగు వాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళూ ఒక అడవిపిల్లిని తెచ్చారు. పంది అవునంటే పిల్లి కాదంది. ఆట కాస్తా కొట్లాట అయింది. అడ్డగడ విరిగింది.

ఇక తిట్టడానికి కొంగ లేదు, ఆడటానికి వాగు జట్టు రావడం లేదు. కానీ అనుమానం ఊరికే ఉంటుందా? అది ఇంట్లోకే తిరిగి వచ్చింది. బంతి లోపల నుంచే పోయిందని అరిచినవాళ్ళే ఇప్పుడు మాట మార్చారు.

"అసలు చుక్కన్న అంత దగ్గర నుంచి ఎలా గురి తప్పాడు?" అన్నారొకరు.

"అతని భార్య అటు ఒడ్డు నుంచి వచ్చిందే గదా," అన్నారు ఇంకొకరు.

"కావాలనే గురి తప్పాడు!" అన్నాడు నల్లమూతి.

"నేనా? కాలు జారిందిరా, కావాలంటే బురద చూడండి," అన్నాడు చుక్కన్న. ఎవరూ చూడలేదు. తనతో కలిసి ఆడిన వాళ్ళే మొహం తిప్పుకున్నారు. చుక్కన్న భార్యనీ, కూననీ వెంటబెట్టుకుని అడవి వదిలి బయల్దేరాడు.

అది చూసి సూదమ్మ ఆగలేకపోయింది. ఆయాసపడుతూ బండ దగ్గరికి వచ్చింది.

"ఆగండి! నేను చూశాను. బంతి బయట నుంచే పోయింది. చుక్కన్న కాలు నిజంగానే జారింది. కొంగ చెప్పింది నిజం. నాకు దుమ్మూ లేదు, ధూళీ లేదు."

నల్లమూతి కళ్ళు చిన్నవి చేశాడు.

"ఆ రోజు దుమ్ము పడిందన్నావు. ఈ రోజు చూశానంటున్నావు. ఇలా చెప్పమని నీకెవరు చెప్పారు అత్తా?"

సూదమ్మ ప్రమాణం చేసింది, ఏడ్చింది. ఒక్కరూ నమ్మలేదు. చుక్కన్న వెనక్కి తిరిగి చూడకుండా చెట్ల మధ్య కనుమరుగయ్యాడు.

సూదమ్మ వాగు వెంట నడిచి నడిచి పొడుగయ్యని వెతికి పట్టుకుంది. ఆయన రెక్కకి రాయి తగిలిన చోట ఈకలు ఊడిపోయి ఉన్నాయి.

"తప్పయిపోయింది పొడుగయ్యా. వాళ్ళ తిట్లకి నొచ్చుకోకు. తిరిగి రా," అంది.

"తిట్లకేముంది సూదమ్మా," అన్నాడు పొడుగయ్య. "తీర్పు చెప్పేవాడికి తిట్లు మామూలే. ఆ సాయంత్రం నేను నీ వైపు చూశాను. నువ్వు గుంజ వెనక ఉన్నావని నాకు తెలుసు. నువ్వు చెబుతావనుకున్నాను."

ఆ మాట అని రెక్కలు విప్పి ఎగిరిపోయాడు. సూదమ్మ ఆ ఒడ్డునే కూలబడింది. ఆ తరవాత ఆ అడవిలో బంతాట జరగలేదు. మైదానంలో నిలువెత్తు గడ్డి పెరిగింది.

నీతి: కళ్ళతో చూసిన నిజాన్ని భయపడి దాచుకుంటే, తరవాత ఎంత ఏడ్చి చెప్పినా అది అబద్ధంలాగే వినిపిస్తుంది.