ముత్యాలు జున్ను, డాక్టరమ్మ కునుకు

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో బుజ్జీ, చెబుతా. అనగనగా ఒక లంక ఊరు. చుట్టూ గోదారే. ఆ ఊరికి ఎవరు రావాలన్నా, అక్కణ్ణించి ఎవరు పోవాలన్నా పంటు ఎక్కాల్సిందే. పంటు అంటే రెండు పడవలు కలిపి పైన బల్లలు పరుస్తారు చూడు, అది. మనుషులూ, సైకిళ్ళూ, కొబ్బరికాయల బస్తాలూ అన్నీ దాని మీదే.

ఏటికి ఇవతల గట్టున ఒక పశువుల ఆసుపత్రి ఉండేది. అందులో ఒకే ఒక డాక్టరమ్మ. పేరు సుకన్య. చుట్టుపక్కల ఏ గేదె ఈనలేకపోయినా, ఏ ఆవు కుంటినా, ఏ దూడకి కడుపు ఉబ్బినా ఆవిడే వెళ్ళాలి. పాపం, ఆవిడ అన్నం క్యారేజీ బండికి వేలాడుతూ ఊళ్ళన్నీ తిరిగొచ్చేది, మూత తియ్యకుండానే. మోచేతుల పైదాకా సబ్బు రాసి కడుక్కున్నా పేడవాసన పోయేది కాదు. ఇంటికొచ్చి మంచం మీద వాలేసరికి మళ్ళీ ఫోను.

పాడి ఉన్న ఇంట పుట్టిందేమో అనుకుంటున్నావా? కాదు. నేతపని వాళ్ళమ్మాయి. ఇంట్లో సగం మగ్గమే, ఇక గేదెని ఎక్కడ కడతారు? మనుషుల డాక్టరవుదామంటే ఆ సీటు రాలేదు, పశువుల సీటు వచ్చింది. చేరిన కొత్తలో ఓ గేదె బుస్సుమంటే ఈవిడ వెళ్ళి గోడెక్కి కూర్చుందట. ఆ తర్వాత మెల్లగా చెయ్యి అలవాటైంది. వాళ్ళ నాన్న మగ్గం మీద పోగు తెగినప్పుడల్లా, "లాగకే తల్లీ. పట్టుకుని కూర్చో" అనేవాడు. గేదెల దగ్గర ఆవిడకి ఆ మాటే పనికొచ్చింది.

ఇంకోటి కూడా చెప్పాలి. చిన్నప్పుడు వాళ్ళ వీధిలో ఎవరి గేదె ఈనినా వాళ్ళింటికి ఓ చిన్న గిన్నెడు జున్ను వచ్చేది. ఇంట్లో పిల్లలేమో బోలెడుమంది. ఈవిడ ఆఖరుది. ఈవిడ దాకా వచ్చేసరికి గిన్నె అడుగున గీకుడే మిగిలేది. అందుకని జున్నంటే ఆవిడకి ప్రాణం. ఇది గుర్తుపెట్టుకో.

సరే, ఆ లంకలో మంగతాయి అని ఓ మామ్మ. ఆవిడకో కొడుకు, వీర్రాజు. వాళ్ళకున్నదల్లా ఒక్క గేదె. ఒళ్ళంతా కాటుక నలుపు, పేరేమో ముత్యాలు. ఆ ముత్యాలు పాలిస్తేనే వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది.

ఒకనాడు ముత్యాలు ఈనింది. పెయ్యదూడ. ఆ ఊళ్ళో గేదె ఈనితే జున్నుపాలు వీధంతా పంచాలి. ఒక్క గడప తప్పినా, ఆ గడప వాళ్ళు దూడ పెద్దదయ్యేదాకా మూతి తిప్పుకుంటారు. అందుకని మంగతాయి పొదుగు వేలాడిపోయేదాకా పిండింది. చెంబులు చెంబులు పంచింది.

మధ్యాహ్నానికి ముత్యాలు కాళ్ళు తడబడ్డాయి. అప్పుడు కూలబడింది. ఆ తర్వాత మెడ డొక్కలోకి తిప్పుకుని కళ్ళు మూసేసింది.

డాక్టరమ్మ అప్పుడే క్యారేజీ మూత తీస్తోంది. ఫోను మోగింది. మూత పెట్టేసి పంటెక్కింది.

వచ్చీ రాగానే గేదె చెవి పట్టుకుని చూసింది. మంచులా ఉంది. "నెమరేస్తోందా?"

"లేదండీ," అన్నాడు వీర్రాజు.

"పేడ వేసిందా?"

"అదీ లేదండీ, ఆయ్."

"పాలజ్వరం. పేరుకే జ్వరం, ఒళ్ళు చల్లబడిపోతుంది. ఒంట్లో సున్నమంతా జున్నుపాలల్లోకి దిగిపోయింది."

అప్పుడు ముత్యాలు మెడ నరంలో సూది గుచ్చి కాల్షియం సీసా పెట్టింది. ఒక్కొక్క చుక్కా వదులుతోంది. రెండో చెయ్యి గేదె గుండె మీద.

"కొంచెం గబగబా వదలండీ, ప్రాణం పోయేలా ఉంది," అన్నాడు వీర్రాజు.

"గబగబా వదిలితే గుండె ఆగుతుంది. కూర్చో నాయనా."

సీసా అడుగంటేసరికి ముత్యాలు ఒళ్ళు జలదరించింది. త్రేన్చింది. ఇంత పేడ వేసి లేచి నిలబడింది.

మంగతాయి పరుగున లోపలికెళ్ళి బెల్లం, మిరియం వేసి వండిన జున్ను గిన్నెడు తెచ్చి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"ఇదంతా నాకొక్కదానికేనా మామ్మా?"

"మరెవరికమ్మా? తిను."

పొద్దుట్నించీ ఏమీ తినలేదు కదా. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని తింది. నోట్లో జున్ను ఉండగానే, "కొన్నాళ్ళు పొదుగు ఖాళీ చెయ్యకు మామ్మా, దూడకి చాలినంతే," అంది. అంతలో పంటు కూత పెట్టింది. వెళ్ళిపోయింది.

మంగతాయికి ఆ మాట సరిగ్గా ఎక్కలేదు. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని తిన్న తీరే ఆవిడ మనసులో ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే వీర్రాజు ఆసుపత్రిలో దిగాడు. చేతిలో పెద్ద పాలక్యాను. "మా అమ్మ మీకోసం పంపిందండీ. జున్నుపాలు. ఒక్క చుక్క కూడా ఎవరికీ ఇవ్వలేదండీ, అన్నీ మీకే."

డాక్టరమ్మ క్యాను వంక చూసింది. "ఇన్ని పాలు ఎప్పుడు పిండారు వీర్రాజూ?"

వాడు చెప్పేలోపే వాడి ఫోను మోగింది. ముత్యాలు మళ్ళీ కూలబడిందట.

డాక్టరమ్మ గబుక్కున లేచింది. ఒక చేత్తో మందుల సంచీ, ఇంకో చేత్తో ఆ క్యాను పట్టుకుని పంటెక్కింది.

"మామ్మా, నాకు జున్ను పెట్టి నీ గేదెని చంపుకుంటావా?" అంది పాకలో అడుగుపెడుతూ.

మంగతాయి బిక్కచచ్చిపోయింది. "అమ్ముకోలేదు తల్లీ. నీకే ఇచ్చాను. అమ్ముకుంటే తప్పుగానీ ఇస్తే కీడెందుకొస్తుంది?"

"అమ్మావో ఇచ్చావో గేదెకేం తెలుసు మామ్మా?"

కోప్పడదామంటే ఓపిక లేదు. పేడలోనే చతికిలబడి, "తప్పు నాది కూడాలే. జున్ను నములుతూ చెప్పాను, గట్టిగా చెప్పలేదు," అంది. ఆ క్యాను పాలు దూడకి పట్టించమంది. తను మాత్రం చుక్క ముట్టలేదు.

ఈసారి సీసా అయిపోయినా ముత్యాలు లేవలేదు. గుండె దడదడలాడుతోంది.

"ఇంకో సీసా పెట్టండీ," అన్నాడు వీర్రాజు.

"ఇప్పుడే పెడితే తట్టుకోలేదు."

"అయితే మరేం చెయ్యాలండీ?"

"పట్టుకుని కూర్చోవాలి."

గడ్డిమోపులు దన్నుగా పెట్టి గేదెని ఒరగకుండా నిలిపారు. డాక్టరమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎండ పాక ఇవతలనుంచి అవతలకి పోయింది. ఈగలు ముసురుతున్నాయి. ఆవిడ నడుం విరిగిపోతోంది, కళ్ళు కూరుకుపోతున్నాయి. చెయ్యి మాత్రం గుండె మీంచి తియ్యలేదు. గుండె కుదుటపడ్డాక ఇంకో సీసా, ఇంకా మెల్లగా ఎక్కించింది. ఆఖరికి మంగతాయి గేదె చెవి పట్టుకుని, "కాస్త వెచ్చబడిందమ్మా," అంది. మెడ నిలిపింది గానీ, ముత్యాలు కాళ్ళ మీద లేవలేదు. సాయంత్రం పంటు వేళయింది. డాక్టరమ్మ వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళింది.

ఆ మర్నాడు వీర్రాజు ఫోను. "డాక్టరమ్మగారండీ, మా ముత్యాలు..." అంతే, తెగిపోయింది. లంకలో సిగ్నలు అలాగే ఉంటుంది మరి. ఈవిడ చేస్తే కలవలేదు.

డాక్టరమ్మ మందుల సంచీ తీసుకుని పంటెక్కింది. తీరా వెళ్ళాక ఆ మామ్మకి ఏం చెప్పాలి? పంటు మీద అందరూ లంక వైపు తిరిగి నిలబడితే, ఆవిడొక్కతే వెనక గట్టు వైపు తిరిగి నిలబడింది.

పాక దగ్గరికి వెళ్ళేసరికి, ముత్యాలు నాలుగు కాళ్ళ మీదా నిలబడి నెమరేస్తోంది. దూడ పొదుగులో మూతి పెట్టి గుద్దుతోంది. మూతి నిండా నురగ.

"లేచి నిలబడింది, మీరు రానక్కర్లేదని చెబుదామని చేశానండీ," అన్నాడు వీర్రాజు తల గోక్కుంటూ.

"వీడికి ముందు ఏ మాట చెప్పాలో తెలిస్తే కదా. రావద్దు అని మొదలెట్టి చావొచ్చుగా," అంది మంగతాయి.

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అక్కడున్న నులక మంచం మీద కూర్చుంది.

మంగతాయి ఖాళీ చేతులు చూసుకుంది. ఈనిన ఇంటికొచ్చిన మనిషిని జున్ను పెట్టకుండా పంపడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. ఇప్పుడేమో పెట్టడానికి లేదు. ఏం ఇవ్వాలో తోచక డాక్టరమ్మ మొహంలోకి చూసింది. కళ్ళకింద నల్లగా ఉంది, ముత్యాలంత నల్లగా.

"పడుకో తల్లీ," అంది.

"అమ్మో, ఇంకా మూడు ఊళ్ళున్నాయి మామ్మా. ఒక్క నిమిషం కూర్చుని..."

ఆ మాట పూర్తికాలేదు బుజ్జీ. అలాగే ఒరిగిపోయింది. మంగతాయి తన పాత నేతచీర తెచ్చి కప్పింది. డాక్టరమ్మ వేళ్ళు నిద్రలోనే చీర అంచు తడిమి చూశాయి. "గట్టి నేతే," అని గొణిగి, ఇటు తిరిగి పడుకుంది.

డాక్టరమ్మ ఫోను మోగింది. మంగతాయి పట్టుకుని పాక బయటికెళ్ళింది.

"డాక్టరమ్మ పడుకుంది... ఆ, మనిషే కదయ్యా, పడుకోదూ? ... ఏటైంది మీ ఆవుకి? నెమరేస్తోందా? పేడ వేసిందా? మరింకేం. లేచాక చెబుతాలే."

ఆ తర్వాత వచ్చి మంచం పక్కన కూర్చుని కొంగుతో ఈగలు తోలుతూ ఉంది. రేవులో పంటు కూత పెట్టబోతే, వీర్రాజు పరిగెత్తుకెళ్ళి వద్దన్నాడు. పంటు చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది.

ముత్యాలు నెమరేస్తోంది. దూడ పడుకుంది. డాక్టరమ్మ పడుకుంది. నీ కళ్ళూ మూతలు పడుతున్నాయి, నాకు తెలుస్తోందిలే.

కథేమో పంటెక్కి కంచికి,
దూడేమో తల్లి పొట్ట చెంతకి,
డాక్టరమ్మ నులక మంచానికి,
నువ్వూ నేనూ ఇక నిద్దరకి.