కోట వెనక వేడిగాలి

పూర్వం ఒక రాజుగారికి వింత యంత్రం వచ్చింది. వేసవిలో గదిని చల్లబరిచి, లోపలి వేడిని బయటి పెట్టెలోంచి ఊదేస్తుంది. చలికాలంలో గది వెచ్చన, బయట చలిగాలి. ఆ పెట్టెను దివాను రంగప్ప కోట వెనకగోడకు, నూకాలు అనే రైతుమ్మ తమలపాకు తోట వైపు పెట్టించాడు. వేసవి సగం కాకుండానే తీగలన్నీ మాడిపోయాయి.

నూకాలు రాజుగారి ముందు గొల్లుమంది.

"ఎవరికీ ఇబ్బందిలేని చోటు ప్రభూ! ఒక్కరైనా నాకు ఫిర్యాదు చేశారా?" అన్నాడు దివాను.

"మీ భటులు గుమ్మం ఎక్కనిచ్చారా, బాబయ్యా?" అంది నూకాలు.

"అయితే క్షేమమైన చోటేదో నువ్వే చెప్పు," అన్నాడు రాజు.

"దివానుగారి పడకగది కిటికీ కింద, ప్రభూ. అక్కడ ఇబ్బంది వస్తే ఆ పూటే తమకు తెలుస్తుంది."

పెట్టె అక్కడికి చేరింది. సాయంత్రానికల్లా దివానే చెమటలు కక్కుతూ వచ్చి మొరపెట్టుకున్నాడు. పెట్టెను ఖాళీ బురుజు మీదికి ఎక్కించారు.

"భలేదానివే! తాంబూలమివ్వండి," అన్నాడు రాజు. పళ్లెంలో వక్క, సున్నం వచ్చాయి.

"ఆకేదిరా?" అన్నాడు రాజు.

పళ్లెం పట్టినవాడు నూకాలు వైపు చూశాడు.

"కోటకు ఆకు నా తోటనుంచే వచ్చేది, ప్రభూ," అంది నూకాలు. "ఇక ఆ పెట్టె ఎక్కడ పెట్టినా నాకొకటే."

ఆకులేని పళ్లేనికి దణ్ణంపెట్టి వెళ్లిపోయింది.