రెండో కమ్మ

అయ్యవారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా కాగితాలు పట్టుకుని ప్రశ్న అడగడానికి వస్తే, ముందు ఆ కాగితాలు పక్కన పెట్టమనేవారు. జైలు నుంచి విడుదలైన వాళ్ళకు పనులు నేర్పి ఊళ్ళలో కుదిర్చే సంఘాన్ని నడిపే సుదర్శనరావు కూడా ఆ రోజు ఫైలు తెచ్చాడు. అతను చిన్నప్పుడు అయ్యవారి దగ్గరే చదువుకున్నాడు. ఏ చిక్కు వచ్చినా బస్సెక్కి, అయ్యవారు ఇప్పుడు ఉంటున్న ఈ ఆశ్రమానికే వచ్చేవాడు.

"నలభై మందిని బాగుచేశాం అయ్యవారూ. పదమూడు మంది మళ్ళీ జైలుకు పోయారు. పని నేర్పాం, బండ్లు ఇప్పించాం, నీతి బోధించాం. వాళ్ళ బుద్ధే అంతంటారా?"

బాగుచేశాం అన్న మాట ఎంత తృప్తిగా అన్నాడో! పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న నాకు ఒళ్ళు మండింది. అయ్యవారు మాత్రం కోప్పడలేదు. తాను హెడ్మాస్టరుగా పనిచేసిన ఊళ్ళో జరిగింది ఒకటి చెప్పారు.

ఆ ఊరి ఓబులేసు తాళాలు పగలగొట్టిన కేసులో నాలుగేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. పెద్దలు కమిటీ వేసి, బజారు మొదట్లో అతని చేత ఇస్త్రీ బండి పెట్టించారు. కమిటీలో అయ్యవారూ ఒకరు. మనిషికి ఆశ పుట్టించకూడదని ఆయనే ఒక పద్ధతి కనిపెట్టారు. బట్టలు ఇచ్చేవాళ్ళు జేబులు బయటికి తిప్పి మరీ ఇవ్వాలి. ఆ మాట మైకులో చెప్పించారు కూడా. అతని మేలు కోసమేనట! మూడేళ్ళపాటు ఊరంతా జేబులు వేలాడే ప్యాంట్లు, లాల్చీలు తెచ్చి ఇచ్చింది. ఓబులేసు ఒక్కొక్క జేబునూ లోపలికి తోసి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఇచ్చాడు. ఒక్క మాట అనలేదు. అనకపోవడాన్ని వీళ్ళు మార్పు అనుకున్నారు.

ఒక రోజు అయ్యవారే తన పద్ధతి మరిచిపోయారు. చెవి కమ్మకు మర అరిగిపోయింది, కంసాలికి ఇవ్వమని భార్య పొట్లం కట్టి ఇస్తే, విప్పి చూడకుండా లాల్చీ జేబులో వేసుకున్నారు. ఆ లాల్చీ అలాగే ఇస్త్రీకి పోయింది. మధ్యాహ్నం ఓబులేసు బండి వదిలేసి పరుగున వచ్చాడు. చెమట పట్టిన అరచేతిలో కమ్మ ఉంది. అతని మొహం అంత వెలుగుతూ ఎవరూ ఎన్నడూ చూడలేదట.

అయ్యవారు కమ్మ అందుకుని, "రెండోది ఏదీ?" అన్నారు.

"ఒగటే ఉన్నింది అయ్యవారూ."

వీధిలో ఉన్నవాళ్ళకు ఆ ప్రశ్న చాలు. బండి తలకిందులు చేశారు, నిప్పులు మట్టిపాలు చేశారు, ఇంటికి పోయి అతని పెళ్ళాం చూస్తుండగానే బియ్యం కుండ బోర్లించారు. అయ్యవారు వద్దనలేదు. సాయంత్రం ఆయన భార్య పొరుగూరి నుంచి వచ్చి, "బాగున్నది నా దగ్గరే పెట్టుకుంటిని గదా, మర పోయిందొకటే మీకిచ్చింది" అంది. మర్నాడు కమిటీ వాళ్ళు పోయి, ఏమీ అనుకోవద్దని ఓబులేసు భుజం తట్టి వచ్చారు. సిగ్గన్నా ఉండాలి! నెల తిరక్కముందే అతను పక్క ఊళ్ళో తాళం పగలగొడుతూ పట్టుబడ్డాడు. మేము ముందే చెప్పలేదా అని ఊరు హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"మీరు పోయి చూశారా అతన్ని?" అని అడిగాడు సుదర్శనరావు.

చూశారు. ఊచల అవతల నుంచి ఓబులేసు, "దొంగతనం చేసినప్పుడు దొరికితేనే సోదా చేస్తాండ్రి అయ్యవారూ. మీరు తెచ్చిచ్చినా చేస్తిరి" అని లోపలికి పోయాడట.

 సుదర్శనరావు పక్కన పెట్టిన ఫైలు మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, "అయితే వాళ్ళకు ఇంకేం నేర్పమంటారు?" అన్నాడు. విన్నదేమిటో, అడిగేదేమిటో!

"ఓబులేసు ఇస్త్రీ పని పది రోజుల్లో నేర్చుకున్నాడు నాయనా" అన్నారు అయ్యవారు. "మాకే మూడేళ్ళు చాలలేదు."