కొయ్యకాళ్ళ మంటకు తీతువు అభ్యంతరం

జొన్నచేను కోసేశాక మిగిలిన కొయ్యకాళ్ళు ఎండకు మాడి, తాకితే పెళపెళమంటున్నాయి. ఆ చేలోనే, గులకరాళ్ళ మధ్య చిన్న గుంటలో తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. అవి ఇంకా పిల్లలు కాలేదు.

నిరుడు ఎవరో పెట్టిన మంట గాలికి లేచి సగం బీడును మింగేసింది. అప్పటినుంచి అక్కడి జంతువులకు ఒక కట్టుబాటు. తొలకరి పడేదాకా ఎవరు నిప్పు పెట్టాలన్నా ముసలి ఎద్దు అనుమతి కావాలి. ఎద్దు గాలివాటం చూస్తుంది, ఇరుగుపొరుగును అడుగుతుంది, ఆపైనే తల ఊపుతుంది.

ఆ పొద్దున నక్క తోక ముడుచుకుని ఎద్దు ముందు నిలబడింది. నక్కవినయాలంటే ఎలా ఉంటాయో అచ్చం అలాగే.

"తాతా, ఆ కొయ్యకాళ్ళు తగలబెట్టుకుంటాను. ఇటుకబట్టీ నుంచి కొరివి తెచ్చుకుంటా. వానలకు పచ్చిక ఏపుగా వస్తుంది. మీరు మేసేదే కదా!"

పక్కనే వింటున్న తీతువుకు అనుమానం వచ్చింది. పచ్చిక మీద నక్కకు ఇంత ప్రేమ ఎప్పటినుంచి? మంట పెడితే కలుగుల్లోని ఎలుకలు బయటికి పరిగెడతాయి, అదీ అసలు సంగతి.

"పొరుగువాళ్ళు ఏమంటారు?" ఎద్దు అడిగింది.

"నాదేముంది, పరిగెత్తగలను," అంది ఆ చేలోనే ఉండే కుందేలు.

"నా గుడ్లున్నాయి తాతా!" తీతువు అరిచింది.

"పొద్దున్నే ఆ అపశకునపు గొంతేమిటి పిన్నీ?" నక్క నవ్వింది. "చేనంతా తిరిగొచ్చాను. గులకరాళ్ళు తప్ప ఏమీ లేవు."

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట నీలాంటివాడు!"

"సామెతలెందుకు? ఉంటే చూపించు."

ఎద్దు నెమరు ఆపింది. "రాళ్ళలో గుడ్లు పోల్చేంత చూపు నాకూ లేదమ్మాయ్. ఊరికే కాదనడానికి లేదు. పొద్దెక్కితే గాలి లేస్తుంది, ఇప్పుడే తేల్చాలి. చూపించు."

చూపించకపోతే మంట. చూపిస్తే నక్క నోరు. రాళ్ళలా కనబడబట్టే ఆ గుడ్లు ఇన్నాళ్ళూ బతికాయి. ఇప్పుడు ఆ పోలికే వాటి ప్రాణం మీదికి తెచ్చింది.

"రండి," అంది చివరికి.

నాలుగడుగులు వేసి ఉన్నట్టుండి కూలబడింది. ఎడమ రెక్క నేలమీద ఈడుస్తూ, కుంటుతూ, గుడ్లకు ఎదురుదిక్కున కదిలింది. నక్క కళ్ళు ఆ రెక్కకే అతుక్కుపోయాయి. ఎద్దును మరిచింది, అనుమతినీ మరిచింది. పొంచి పొంచి వెళ్ళి దూకింది. తీతువు వెంట్రుకవాసిలో తప్పుకుని మళ్ళీ కూలబడింది. నక్క ఎక్కడ వెనక్కి తిరుగుతుందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, మేకలదొడ్డి దాకా రెక్క ఎత్తకుండా దాన్ని తన వెంట లాక్కెళ్ళింది. దొడ్డి కుక్కలు మీదికి వచ్చాకే ఎగిరింది.

నక్క కుయ్యోమంటూ గుట్ట అవతలికి పారిపోయింది, వెనకే కుక్కలు.

తీతువు రొప్పుతూ తిరిగొచ్చి వాలింది.

"నువ్వు గుడ్లు చూపించనేలేదే!" అంది కుందేలు.

"నాకు చూపించింది," అంది ఎద్దు. "గుడ్లు లేని తీతువు రెక్క ఈడ్చదు. ఏళ్ళ తరబడి ఈ చేలో నాగలి లాగినవాణ్ణి, ఆ నడక నాకు తెలీదా? పిల్లలు లేచి నడిచేదాకా ఇక్కడ నిప్పు మాట లేదు."

పక్కవాడి గూడును రాళ్ళకుప్పగా చూసేవాడి చేతికి కొరివి ఇవ్వకూడదు.