ఎర్రగుడ్డ కట్టిన బీరకాయ

పూర్వం రాయనిపాడు జమీందారు రంగరాజు దొడ్లో పైడమ్మ అనే ముసలమ్మ కూరపాదులు పెంచేది. అక్కడ కాసే తీపి బీర చుట్టుపక్కల మరెక్కడా లేదు. ఏటా కాపు ఉడిగే ముందు ఒక మంచి కాయకు ఎర్రగుడ్డ కట్టి, విత్తనానికని తీగ మీదే ఎండనిచ్చేది.

ఒక ఏడు ఇంటినిండా చుట్టాలు దిగారు. కూర చాల్లేదు.

"ఆ గుడ్డ కట్టిందీ కోసెయ్యి," అన్నాడు రంగరాజు చుట్టాల ఎదుటే.

"అది విత్తనపు కాయ, దొరా..."

"నా దొడ్లో కాయకి నీ గుడ్డపేలిక అడ్డమా?"

పైడమ్మ కత్తి అందుకుని కోసిచ్చింది.

మరుసటి ఏడు వానలు బాగానే పడ్డాయి గాని బీరపాదు లేదు. మళ్లీ చుట్టాలొచ్చారు. విస్తట్లో బీరకూర కనబడక రంగరాజు పైడమ్మను పిలిపించాడు.

"ఈ ఏటి కాయలన్నీ ఎవరికి దోచిపెట్టావే? చెప్పకపోతే ఇవాళే ఊరు దాటిస్తాను!"

"ఎవరికీ పెట్టలేదు దొరా. ఈ ఏటి కాయలన్నీ నిరుడే తమరి విస్తట్లో వడ్డించేశాం. వచ్చే ఏటివీ అందులోనే అయిపోయాయి."

పంక్తిలో కూర్చున్న చుట్టాలు గొల్లుమన్నారు. రంగరాజు తల వంచుకుని, "సరే, పో, పని చూసుకో," అన్నాడు.

"భలే అన్నావత్తా!" అని వంటవాళ్లు మెచ్చుకున్నారు. పైడమ్మకు నవ్వు రాలేదు. నిరుడు కత్తి చేతబట్టుకున్నప్పుడే ఆమెకు ఆ మాట తోచింది. భయపడి మింగేసింది. ఆరోజే అని ఉంటే, ఆ చుట్టాలు ఆరోజే నవ్వి ఉండేవాళ్లు. కాయ తీగ మీదే ఉండేది.