ఒత్తని చోటు

మద్దిలేటికి లైసెన్సు రివాల్వర్ వచ్చి పదకొండేళ్లయింది. దాన్ని ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఇంకా తేలలేదు.

మొదట్లో తోలు పటకా కట్టి కుడి నడుముకు పెట్టుకున్నాడు. చొక్కా అక్కడ ఎత్తుగా లేచేది. బస్సులో పక్కన కూర్చున్నవాడు మెల్లగా లేచి ఇంకో సీటుకు పోయేవాడు. బొడ్లో దోపుకుంటే పొట్ట మీద నల్లగా మచ్చ పడింది. చంకలో వేలాడదీస్తే ఎండాకాలం చెమటకు చర్మం ఒలిచిపోయింది. ఒకసారి కాలి పిక్కకు కట్టించుకున్నాడు. పంచె కట్టే మనిషి కాలికి కట్టుకుంటే ఏం దాగుతుంది? కాస్త గాలి వీచేసరికి సంతలో అందరూ చూశారు.

కర్నూలులో ఒకడు, బళ్లారిలో ఒకడు, తోలుపని బాగా చేస్తాడని ఎవరి పేరు చెబితే వాడి దగ్గరికల్లా పోయాడు. ఇంట్లో ఒక చెక్కపెట్టె నిండా పటకాలూ సంచులే. భార్య గంగులమ్మ ఆ పెట్టె తెరిచినప్పుడల్లా, "పెండ్లికూతురికి గూడా ఇన్ని నగలు చేయించరు" అనేది. నవ్వుతూ అనేది కాదు.

పాపం, సరదాకి మోసే మనిషి కాదు. వాళ్ల అన్నను పొరుగూరి సుంకన్న మనుషులు మిరపచేను గట్టు మీద నరికేశారు. మరుసటి ఏడు సుంకన్న తమ్ముడు పోయాడు. అది మద్దిలేటి వైపు వాళ్ల పనే. ఊళ్లో అందరికీ తెలుసు, కోర్టుకు మాత్రం తెలియలేదు. అప్పట్నుంచి రెండిళ్లలోనూ కంటికి కునుకు లేదు. పగ ఎవరికీ అన్నం పెట్టదు గానీ, ఉన్న అన్నం సయించనియ్యదు.

ఇప్పుడు ఇద్దరికీ యాభై దాటాయి. ఇద్దరికీ విసుగొచ్చింది. అందుకే ఇమామప్ప తాత మధ్యలో ఉండి మాట కలిపితే, ఇద్దరూ ఊ అన్నారు.

ఇమామప్ప తాత దూదేకుల మనిషి. బోయినకుంట దర్గా పక్కన కొట్టంలో పరుపులూ దిండ్లూ కుట్టుకొని బతికేవాడు. చుట్టుపట్ల నాలుగైదు ఊళ్లకు ఆయనే గురువు. బోధ చెయ్యమంటే, "నాకు దూది ఏకడం తప్ప ఏమీ రాదప్పా" అనేవాడు. మద్దిలేటి ఆయన దగ్గర ఉపదేశం తీసుకొని పద్దెనిమిదేళ్లయింది. ప్రతి గురువారం వచ్చి ముంగిలి ఊడ్చి పోయేవాడు.

రాజీ శుక్రవారానికి కుదిరింది. ఆ దర్గాలో రాజీ అంటే కాగితాలు రాసుకోవడం ఉండదు. పగవాళ్లిద్దరూ అందరి ముందర మూడుసార్లు గుండెకు గుండె ఆనించి కావలించుకోవాలి. ఆ తర్వాత ఒకే పళ్లెంలో రొట్టె, బెల్లం కలిపిన మలిద తినాలి. ఆయుధం తేకూడదు. తెచ్చారేమోనని ఎవరూ తడిమి చూడరు కూడా. మాట ఇస్తే ఇచ్చినట్టే.

ముందురోజు గురువారం తెల్లవారుతూనే మద్దిలేటి దర్గాకు వచ్చాడు. చీపురు ముట్టలేదు. నేరుగా కొట్టంలోకి పోయి తాత ఎదురుగా నిలబడ్డాడు.

"తాతా, ఒక బనియను కుట్టియ్యాల."

"పరుపులోడిని బనియను అడుగుతాండావే."

"లోపల సంచి ఉండాల. మెత్తగా దూది పెట్టి కుట్టాల. ఒత్తకూడదు. పైకి కనపడకూడదు." మద్దిలేటి తల వంచుకున్నాడు. "తగిలినా తెలియకూడదు."

తాత సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కించాక అడిగాడు.

"గుండెకు గుండె ఆనిచ్చినా తెలియకూడదు. అంతేనా?"

మద్దిలేటి మొహం మాడిపోయింది. కానీ బుకాయించలేదు.

"అంతే తాతా. సుంకన్నను నమ్మలేను, నీ మాట కాదనలేను. రెంటి మధ్యా నలిగిపోతాండా. ఉత్త చేతుల్తో పోతాను సరే, వాడు తెస్తే?"

తిడతాడనుకున్నాడు. పద్దెనిమిదేళ్ల శిష్యరికం ఇంతేనా అంటాడనుకున్నాడు. ఆ మాట అనిపించుకుంటే కాస్త తేలికగా ఉంటుందని కూడా అతని మనసులో ఉంది.

తాత అవేమీ అనలేదు. "కుడతాలే. మా పని పద్ధతి నీకు తెల్సు కదా. దూదేకులోడు పరుపు కుట్టినాక ముందు తానే దాని మీద పడుకొని చూస్తాడు. యాడ గడ్డకట్టిందో, యాడ ఒత్తుతాదో ఒంటికి తెలియాల. ఆ తర్వాతే ఇంకొకరికి ఇచ్చేది. దీన్ని గూడా నేను సాయంత్రం దాకా తొడుక్కొని చూస్తా."

"నువ్వా?"

"గుండ్లు తీసి ఇట్లియ్యి దాన్ని."

మద్దిలేటి ఆరు గుండ్లూ తీసి జేబులో వేసుకున్నాడు. రివాల్వర్ తాత చేతిలో పెడుతుంటే అతనికి సిగ్గేసింది. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి, మూరతో దిండును కొలిచినట్టే కొలిచాడు.

చారల పరుపుగుడ్డ కత్తిరించాడు. గింజ పలుకు కూడా లేకుండా దూది ఏరాడు. ఎడమ చంక కింద, పక్కటెముకల వంపు మీద పడేట్టు సంచి పెట్టి, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్లు వేశాడు. అంత శ్రద్ధగా ఏ పెళ్లి పరుపూ కుట్టి ఉండడు. అయ్యాక బనియను తొడుక్కొని, రివాల్వర్ అందులో పెట్టుకొని, పైన తన పాత జుబ్బా వేసుకున్నాడు.

నడిచాడు. వంగి నీళ్ల చెంబు అందుకున్నాడు. ఎంత వెతికి చూసినా ఏమీ కనపడలేదు. మద్దిలేటికి ప్రాణం లేచొచ్చింది. పదకొండేళ్లు ఊళ్లు పట్టుకొని తిరిగాను గదా, ఇంటి గురువును అడిగితే సరిపోయేది అనుకున్నాడు.

గురువారం కాబట్టి ఎండ ఎక్కేసరికి జనం రావడం మొదలైంది. తాత అరుగు మీద కూర్చున్నాడు. మద్దిలేటి పక్కన స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు.

మొదట ఒక గొర్రెల కాపరి వచ్చాడు. తాత ఎప్పట్లాగే లేచి కావలించుకున్నాడు, అయితే ఎడమ భుజం వెనక్కి తీసి, కుడివైపుకు తిప్పుకొని. కాపరికి ఏమీ తెలియలేదు. మద్దిలేటికి తెలిసింది. తాను మనుషుల్ని కావలించుకునే తీరు అదే.

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. తాత అందరితో మాట్లాడాడు, అందరినీ పలకరించాడు. కానీ గేటు కిర్రుమన్నప్పుడల్లా ఆయన కళ్లు అటు పోతున్నాయి. ఎవరైనా వెనక నుంచి నడిస్తే తల తిప్పి చూస్తున్నాడు. మాట మధ్యలో ఎడమ మోచెయ్యి పక్కటెముకలకు హత్తుకుంటోంది. ఇదంతా ఆయన కావాలని చేస్తున్నాడో, దానంతటదే జరుగుతోందో మద్దిలేటికి అర్థం కాలేదు. చూస్తుంటే మాత్రం ఒళ్లంతా అలసటగా అనిపించింది. తాను బయటికి ఇట్లా కనపడతాడని ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు.

మధ్యాహ్నం దాటాక ఉరుకుందమ్మ అనే ఆవిడ వచ్చింది. చంకలో ఏడాది బిడ్డ. తొమ్మిది రోజులుగా జ్వరం. ఆస్పత్రి మందులు పోస్తూనే ఉంది. తాత ఒకసారి ఎత్తుకుంటే ధైర్యంగా ఉంటుందని ఎండలో రెండు కోసులు నడిచి వచ్చింది.

జబ్బుపడ్డ బిడ్డల్ని తాత ఎడమ భుజం మీద వేసుకునేవాడు. చెవి తన గుండె మీద ఉండేట్టు పడుకోబెట్టుకొని ముంగిట్లో మూడుసార్లు తిరిగేవాడు. ఆ ప్రాంతంలో అది తెలియని తల్లి లేదు.

ఉరుకుందమ్మ బిడ్డను ముందుకు చాపింది. తాత రెండు చేతులూ లేచాయి. సగం దాకా లేచి ఆగిపోయాయి.

"నీ చంకలోనే ఉండనీ తల్లీ," అన్నాడు. కూర్చున్నచోటు నుంచే కళ్లు మూసుకొని బిడ్డ మీదికి ఊదాడు.

ఆవిడ కదల్లేదు. "ఎత్తుకోవా తాతా?"

"ఈ రోజు వద్దులేమ్మా."

ఉరుకుందమ్మ బిడ్డ మొహం వైపు చూసింది. మళ్లీ తాత వైపు చూసింది.

"నీకు తెల్సిపోయిందా తాతా? బతకడా?"

తాత ఎడమ మోచెయ్యి పక్కటెముకలకు హత్తుకుంది. ఆవిడ కొంగు బిడ్డ మీద కప్పుకొని గేటు వైపు తిరిగింది.

మద్దిలేటి తాత దగ్గరికి వంగి, "తీసెయ్ తాతా దాన్ని" అన్నాడు.

"సాయంత్రం దాకా అంటిని కదప్పా."

"తీసెయ్, నీకు దండం పెడతా."

"యాడా ఒత్తడం లేదు మద్దిలేటీ. హాయిగానే ఉంది."

మద్దిలేటి అక్కడ నిలబడలేకపోయాడు. పంచె ఎగ్గట్టి గేటు దాకా పరుగెత్తాడు.

"అమ్మా, రొంత ఉండు. తాతకు చంకలో సెగగడ్డ లేచింది. తగిలితే ప్రాణం పోతాందంట, అందుకే ఎత్తుకోలేదు. కట్టు కట్టుకొని వస్తాడు. నీ బిడ్డకు ఏం కాదు, నువ్వు కూచో."

గురువు ముంగిట్లో అబద్ధమాడటం అతనికి అదే మొదటిసారి. మళ్లీ వెనక్కి వచ్చి తాతను కొట్టంలోకి నడిపించుకుపోయాడు. ముసలాయన జుబ్బా గుండీలు మద్దిలేటే విప్పాడు. తొందరకు ఒక గుండీ ఊడి కిందపడింది.

తాత ఉత్త జుబ్బా వేసుకొని బయటికి వచ్చి, ఉరుకుందమ్మ చేతుల్లోంచి బిడ్డను తీసుకున్నాడు. భుజాన వేసుకొని ముంగిట్లో మూడుసార్లు తిరిగాడు. ఆ రోజు నాలుగోసారి కూడా తిరిగాడు. జ్వరం తగ్గిందో లేదో గానీ, బిడ్డ ఆ భుజం మీదే నిద్రపోయాడు. తల్లి అరుగు అంచున కూలబడి మొహం తుడుచుకుంది.

పొద్దు వాలాక జనం పలచబడ్డారు. తాత బనియను మడిచి, రివాల్వర్ దాని మీద పెట్టి మద్దిలేటికి ఇచ్చాడు.

"కుట్టు బాగా కుదిరింది. పొద్దున్నుంచి తొమ్మిదిమందిని కావలించుకున్నా, ఒక్కరికీ తెలియలేదు. తీసకపో."

ఎత్తిపొడుపుగా అనలేదు. రోజంతా దూది మూటలు మోసిన కూలివాడిలా ఉన్నాడు. రేపు తేవద్దని తాత ఒక్క మాట అంటే చాలు, మద్దిలేటి దాన్ని పట్టుకొని బతికిపోతాడు. తాత ఆ మాట అనలేదు. చాప పరుచుకొని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం పొద్దున గంగులమ్మ చూస్తుండగానే మద్దిలేటి ఆ చారల బనియను చెక్కపెట్టెలో పెట్టి మూత వేశాడు.

"ఏమన్నా అయితే?" అంది ఆమె.

"అయితే అయితాది. నాకు చాతగాదు ఇంక."

దర్గా దాకా అతనికి నడవడమే కష్టమైంది. నడుము తేలికగా ఉంది, కాళ్లు బరువుగా ఉన్నాయి. ఎదురుపడిన ప్రతి మనిషీ తన చొక్కా వైపే చూస్తున్నట్టు ఉంది.

పదకొండేళ్లుగా అతని తలలో తిరిగిన సుంకన్న గంపెడు మీసాలతో, ఎత్తయిన మనిషి. దర్గా ముంగిట్లో నిలబడ్డ సుంకన్నకు జుట్టు నెరిసింది, దవడలు లోపలికి పోయాయి, కళ్లద్దాల కాడకు దారం చుట్టి ఉంది. తాత పళ్లెంలో మలిద పెట్టుకొని చాప మీద కూర్చున్నాడు. రెండు వైపుల జనమూ గోడల వెంబడి నిలబడ్డారు.

మొదటిసారి కావలించుకున్నప్పుడు ఇద్దరూ కొయ్యల్లాగా ఉన్నారు. ఒళ్లు తగిలీ తగలకుండా విడిపోయారు.

రెండోసారి సుంకన్న అరచెయ్యి మద్దిలేటి వీపు మీద మెల్లగా కదిలింది. వెన్ను వెంబడి దిగింది, నడుము చుట్టూ వచ్చింది, చంక కిందికి పోయింది. వెతుకుతోంది. మద్దిలేటికి కోపం రాలేదు. అందేట్టుగా చెయ్యి కాస్త పైకెత్తి ఇచ్చాడు.

చెయ్యి ఎత్తడంతో అతని ఛాతీ ముందుకు వాలింది. సుంకన్న ఎడమ పక్కటెముకల దగ్గర మద్దిలేటికి గట్టిగా, ఇనుములాగా ఏదో తగిలింది.

తెచ్చాడు. తాను భయపడినట్టే తెచ్చాడు. ఒక్క కేక వేస్తే చాలు, గోడల వెంబడి ఉన్నవాళ్లంతా ముంగిట్లోకి దూకుతారు. ఆ తర్వాత ఇంకో పదకొండేళ్లు. మద్దిలేటి విడిపోయి సుంకన్న మొహంలోకి చూశాడు. తగిలిందని సుంకన్నకూ తెలిసింది. కళ్లద్దాల వెనక కళ్లు బెదిరిపోయి ఉన్నాయి.

మూడోసారి మద్దిలేటే ముందుకు అడుగు వేశాడు. రెండు చేతులా గట్టిగా కావలించుకున్నాడు. ఆ ఇనుము తన పక్కటెముకల్లోకి దిగబడుతున్నా వదల్లేదు. సుంకన్న చెవి దగ్గర, ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు.

"యాడ పెట్టుకున్నా ఒత్తుతాదప్పా అది. పదకొండేండ్లు నేనూ చూసినా."

సుంకన్న అరచెయ్యి మళ్లీ అతని వీపు మీద వెతికింది.

"నీది?" అన్నాడు చివరికి.

"ఇంటికాడ. పెట్లో ఉండాది."

వీపు మీద వెతుకుతున్న చెయ్యి ఆగింది. తీసెయ్యలేదు, అక్కడే ఉంచాడు. సుంకన్న గడ్డం మద్దిలేటి భుజానికి ఆనింది. ఆ తర్వాత మెల్లమెల్లగా మనిషి బరువంతా వచ్చి అతని మీద వాలింది.